బయోకెమిస్ట్రీలో ఆనర్స్ రీసెర్చ్: ఆ ఏడాదంతా అసలేం చేస్తారు?

డిగ్రీ ఆఖరికి వస్తున్న పిల్లలు తరచూ అడిగే మాట ఒకటుంది: ఆనర్స్ తీసుకోవాలా, వద్దా? అవునో కాదో చెప్పేముందు నేను వాళ్లనే తిరిగి అడుగుతాను, ఆనర్స్ అంటే ఏమనుకుంటున్నారని. ఇంకో నాలుగు కష్టమైన పేపర్లు అంటారు కొందరు, సర్టిఫికెట్ మీద ఒక మాట ఎక్కువ పడుతుందంటారు ఇంకొందరు, పీహెచ్‌డీకి దగ్గర దారి అని ఎవరో సీనియర్ చెప్పారంటారు. ఇవేవీ పూర్తిగా తప్పు కావు, కానీ అసలు సంగతి వీటిలో దేనిలోనూ లేదు.

ఇప్పటిదాకా మీరు చేసిన ప్రాక్టికల్స్ గుర్తు తెచ్చుకోండి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ తీసుకుని, పారా నైట్రోఫినైల్ ఫాస్ఫేట్ కలిపి, పసుపు రంగు చిక్కబడుతుంటే 405 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకుంటారు. గ్రాఫ్ గీసి కేఎం విలువ, అంటే ఎంజైమ్ తన గరిష్ఠ వేగంలో సగానికి చేరడానికి ఎంత పదార్థం కావాలో ఆ అంకె, రాస్తారు. ఆ విలువ ఎంత రావాలో మేడంకి తెలుసు, సీనియర్ల రికార్డు తిరగేస్తే మీకూ తెలుస్తుంది. మీకొచ్చిన అంకె దానికి దూరంగా ఉంటే తప్పు మీదే, మళ్లీ చేయాలి, అంతే. ఆనర్స్‌లో ఏమవుతుందంటే, అదే ఎంజైమ్‌లో ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చి, ఇంతవరకు ఎవరూ కొలవని రూపాన్ని మీ చేతికిస్తారు. రీడింగ్ వింతగా వస్తుంది. పిపెట్ దగ్గర మీ చెయ్యి తప్పిందా, లేక ఆ ఎంజైమ్ నిజంగానే అలా నడుచుకుంటోందా? చూసుకోవడానికి రికార్డు లేదు, గైడ్‌కీ తెలియదు, పుస్తకంలో ఉండదు. ఈ రెండింటినీ విడదీసి చూడటం నేర్చుకోవడానికే ఆ ఏడాది. థీసిస్, వైవా, క్రెడిట్లు అన్నీ దాని చుట్టూ కట్టినవే.

ముందు ఆ పేరులో ఉన్న గందరగోళం చూద్దాం, ఎందుకంటే దేశాన్ని బట్టి అర్థం మారిపోతుంది, నెట్‌లో ఒక దేశం వాళ్లు రాసిన సలహా చదివి ఇంకో దేశం వాళ్లు కంగారుపడటం నేను చాలాసార్లు చూశాను. బ్రిటన్‌లో మామూలు బ్యాచిలర్స్ డిగ్రీల్లో ఎక్కువ భాగం ఆనర్స్ డిగ్రీలే, మార్కుల్ని బట్టి ఫస్ట్ క్లాస్, అప్పర్ సెకండ్ అని విభజిస్తారు, రీసెర్చ్ ప్రాజెక్ట్ ఆఖరి ఏడాదిలో ఒక భాగం. స్కాట్లాండ్‌లో అదే డిగ్రీకి నాలుగేళ్లు. ఆస్ట్రేలియాలో మూడేళ్ల డిగ్రీ అయ్యాక విడిగా ఇంకో ఏడాది ఉంటుంది, అందులో చాలా భాగం ల్యాబ్, థీసిస్. అక్కడ ఫస్ట్ క్లాస్ ఆనర్స్ వచ్చినవాళ్లు ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీలోకి వెళ్లడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ లోపలే, ఇష్టమున్నవాళ్లు ఆనర్స్ థీసిస్ రాస్తారు.

భారతదేశంలో ఇదివరకు మూడేళ్ల బీఎస్సీకే ఆనర్స్ అని పేరు పెట్టిన యూనివర్సిటీలు ఉన్నాయి. అక్కడ ఆ మాటకు అర్థం ఒక సబ్జెక్ట్‌ను లోతుగా చదవడం, రీసెర్చ్ చేసి తీరాలని లేదు. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత, 2022 డిసెంబర్‌లో యూజీసీ ఇచ్చిన చట్రంలో సంగతి మారింది: మూడేళ్లకు 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడాదిలో రీసెర్చ్ వైపు వెళ్లొచ్చు, వాళ్లకు 12 క్రెడిట్ల ప్రాజెక్ట్ ఉంటుంది, డిగ్రీ మీద 'ఆనర్స్ విత్ రీసెర్చ్' అని వస్తుంది. మిగతావాళ్లు ఆ 12 క్రెడిట్లకు బదులు కోర్సులు చదివి ఉత్త ఆనర్స్ తీసుకోవచ్చు. అంటే ఒకే క్లాసులో కూర్చున్న ఇద్దరికీ నాలుగో ఏడాది ఆనర్స్ డిగ్రీయే వస్తుంది గానీ, ఒకరు ల్యాబ్‌లో ప్రాజెక్ట్ చేసి ఉంటారు, ఇంకొకరు దాని బదులు క్లాసులో కోర్సులు చదివి ఉంటారు. కాబట్టి ఫారం నింపేముందు మీ యూనివర్సిటీ రూల్సు మీరే తీసి చదవండి: ప్రాజెక్ట్‌కు ఎన్ని క్రెడిట్లు, థీసిస్‌కు ఎన్ని మార్కులు, దిద్దేది ఎవరు, వైవా ఉందా. ఈ నాలుగూ తెలియకుండా సంతకం పెట్టకండి.

ఇక ల్యాబ్ ఎంచుకోవడం. టాపిక్ చూసి ల్యాబ్ ఎంచుకునేవాళ్లే ఎక్కువ, నా లెక్కలో అది తలకిందుల పద్ధతి. టాపిక్ మూడో నెలలో ఎలాగూ మారుతుంది. మారనిది మీ పక్కన నిలబడి నేర్పే మనిషి. ప్రొఫెసర్ ఎంత పేరున్నవారైనా రోజూ మీ జెల్ (ప్రోటీన్లను సైజును బట్టి విడదీసి చూసే పలక) చూసేది వారు కాదు, ఆ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అక్కో అన్నో. ఆ అక్క వచ్చే ఏడాది అక్కడే ఉంటారా, లేక థీసిస్ ఇచ్చేసి వెళ్లిపోతున్నారా అన్నది ముందే కనుక్కోండి. నిరుడు అక్కడ ప్రాజెక్ట్ చేసినవాళ్లతో కూడా మాట్లాడండి. ల్యాబ్‌లో ఉన్నవాళ్ల కంటే బయటికొచ్చినవాళ్లే మనసు విప్పి చెబుతారు.

ఇంకో ప్రశ్న చాలామంది మొహమాటపడి అడగరు, కానీ అన్నిటికన్నా అదే ముఖ్యం: "నేను చేయబోయే అసే ఇప్పుడు ఈ ల్యాబ్‌లో పనిచేస్తోందా?" అసే అంటే మీరు కొలవబోయే దాన్ని కొలిచే పద్ధతి. ప్లాస్మిడ్ (మీ ప్రోటీన్ జన్యువు ఉన్న డీఎన్‌ఏ వలయం) ఫ్రీజర్‌లో ఉండి, ప్రోటీన్ ఇదివరకే ఎవరో శుద్ధి చేసి, దాని యాక్టివిటీ కొలిచే పద్ధతి నిలకడగా నడుస్తుంటే, మీరు చేయాల్సిందల్లా అక్కడినుంచి ఒక అడుగు ముందుకు వేయడం. పద్ధతే ఇంకా కుదరలేదంటే దాన్ని కుదర్చడానికే మీ ఏడాది సరిపోతుంది. అది కూడా రీసెర్చే, థీసిస్ కూడా రాయొచ్చు, కానీ ఆ సంగతి మొదటి రోజే తెలిసి ఉండాలి, ఎనిమిదో నెలలో తెలిస్తే ఏడుపొస్తుంది. తెలిసిన ఎంజైమ్‌లో ఒకటి రెండు మార్పులు చేసి వేగం కొలవడం, ఒక ప్రోటీన్ ఏ వేడి దగ్గర విప్పుకుపోతుందో చూడటం, రెండు ప్రోటీన్లు అంటుకుంటాయా లేదా తేల్చడం లాంటివి ఏడాదికి సరిపోయే పనులు. కొత్త ప్రోటీన్‌కు క్రిస్టల్ తీసి దాని నిర్మాణం తేలుస్తానని, అదొక్కటే లక్ష్యంగా పెట్టుకోవడం మాత్రం వద్దు. క్రిస్టల్ ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

అంతా కంప్యూటర్ మీదే చేసుకోవచ్చు కదా అని కొందరు అంటారు. చేసుకోవచ్చు. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ వచ్చాక ప్రోటీన్ల ఆకారం ఊహించడం ఎంత మారిపోయిందంటే 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం దాన్ని తయారుచేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు వెళ్లింది, మిగతా సగం కొత్త ప్రోటీన్లను డిజైన్ చేసిన డేవిడ్ బేకర్‌కు. కానీ ఒక్క అమైనో ఆమ్లం మారిస్తే ఎంజైమ్ వేగం ఎంత తగ్గుతుందన్నది ఆ ఆకారం చూసి చెప్పలేం. డాకింగ్‌లో, అంటే ఒక మందు ప్రోటీన్‌కు ఎలా అంటుకుంటుందో కంప్యూటర్‌లో అంచనా వేయడంలో, స్కోరు బాగా వచ్చిందంటే ఆ మందు అక్కడ అంటుకున్నట్టు కాదు, అంటుకోవచ్చేమో చూడండి అని ఒక సూచన, అంతే. కంప్యూటర్ ప్రాజెక్ట్ తీసుకుంటే మీ ఊహను దేనితో సరిపోల్చుకుంటారో ముందే ఆలోచించుకోండి. ఇదివరకే ల్యాబ్‌లో కొలిచిన విలువలు ఉన్న ప్రోటీన్‌ను తీసుకుంటే ఆ పోలికకు దారి దొరుకుతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే కంట్రోల్స్ (ఫలితం నిజమో కాదో సరిచూసుకునే పక్క ప్రయోగాలు) అన్న మాట అందరూ వాడతారు గానీ అవి ఎందుకో తగిలితే తప్ప అర్థం కాదు. పిల్లలు రాసుకొచ్చే ప్రతిపాదనల్లో తరచూ కనిపించేది: పసుపులో ఉండే కర్క్యుమిన్ ఫలానా ఎంజైమ్‌ను ఆపుతుందా? వినడానికి ఒక ఏడాదికి సరిగ్గా సరిపోయే ప్రశ్నలా ఉంది. సరే, మన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌తోనే చూద్దాం. ఈ అసేలో మనం కొలిచేది పసుపు రంగు. కర్క్యుమిన్ కూడా పసుపే, అదీ దాదాపు అదే చోట, 420, 430 నానోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. అంటే మీ మీటర్‌లో కనిపించే అంకెలో ఎంత ఎంజైమ్‌ది, ఎంత కర్క్యుమిన్‌ది? కర్క్యుమిన్ వాటా మొదట్లోనే చూసి తీసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. కర్క్యుమిన్ నీళ్లలో నిలకడగా ఉండదు, పీహెచ్ 7.2 బఫర్‌లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణంలో) 37 డిగ్రీల దగ్గర అరగంటలో సుమారు 90 శాతం విరిగిపోతుందని ఎప్పుడో తేల్చారు. మన ఎంజైమ్ పనిచేసేది అంతకంటే క్షారంగా, పీహెచ్ 10 దరిదాపుల్లో, అక్కడ కర్క్యుమిన్ రంగే మారిపోతుంది. ఇప్పుడు ఆలోచించండి: ఎంజైమ్ తన పని తాను మామూలుగానే చేస్తూ పసుపు రంగు పెంచుతోంది, ఇంకోవైపు కర్క్యుమిన్ విరిగిపోతూ తన రంగు తగ్గించుకుంటోంది. రెండూ కలిసిన గీత వాలు తగ్గుతుంది. మీరు చూసి, ఆహా, ఎంజైమ్ నెమ్మదించింది, కర్క్యుమిన్ ఆపేసింది అని రాసేస్తారు. గ్రాఫ్ అందంగా ఉంటుంది, మూడుసార్లు చేసినా అలాగే వస్తుంది, కానీ అది నిజం కాదు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు. ఎంజైమ్ లేకుండా కర్క్యుమిన్ ఒక్కటే అదే బఫర్‌లో పెట్టి, అంతసేపూ రీడింగ్ తీసుకోండి. ఇంకో ట్యూబులో, తయారైన పసుపు పదార్థాన్ని, అంటే పారా నైట్రోఫినాల్‌ను తెలిసినంత మోతాదులో వేసి దానికి కర్క్యుమిన్ కలిపి చూడండి, అంకె ఎంత చెడుతుందో తెలుస్తుంది. ఇలాంటి పదార్థాలు ఒక్కోసారి ముద్దలుగా చేరి దొరికిన ప్రోటీన్‌నల్లా పట్టుకుంటాయి, కాబట్టి ట్రైటాన్ ఎక్స్-100 లాంటి డిటర్జెంట్ అతి కొద్దిగా, 0.01 శాతం చొప్పున వేసి మళ్లీ చేయండి. ఆపడం మాయమైపోతే అది ముద్దల పనే అయ్యుంటుంది. వీలైతే ఈ పసుపు రంగుతో సంబంధం లేని ఇంకో పద్ధతిలో కూడా కొలవండి, విడుదలైన ఫాస్ఫేట్‌ను మోలిబ్డేట్‌తో నీలి రంగు తెప్పించి కొలవడం లాంటిది. ఇన్ని చేశాక ఆఖరికి కర్క్యుమిన్ ఏమీ చేయట్లేదని తేలిందనుకోండి, మీ ఆనర్స్ పాడైపోలేదు. ఫలానా అసేలో ఈ పదార్థం ఎందుకు మోసం చేస్తుందో చూపించిన థీసిస్ అది. నన్నడిగితే, ఆపుతుంది అని రెండు గ్రాఫులతో రాసినదానికంటే దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

నా సొంత సంగతి ఒకటి చెబుతాను. నా ఆనర్స్ ప్రాజెక్ట్‌లో ఒక ప్రోటీన్‌ను ఈ.కోలై బాక్టీరియాలో తయారుచేయించి, నికెల్ కాలమ్ మీద శుద్ధి చేయాలి. బాక్టీరియా బాగానే పెరిగింది, ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ వేశాక జెల్ మీద లావుపాటి బ్యాండ్ కూడా వచ్చింది. కాలమ్ దిగేదాకా అంతా బాగుంది, బఫర్ మార్చడానికి డయాలిసిస్ సంచిలో వేసి రాత్రంతా కోల్డ్ రూంలో పెడితే తెల్లారేసరికి సంచి అడుగున తెల్లగా, విరిగిన పాలలాగా. ఒకసారి కాదు, ఐదు వారాల్లో నాలుగుసార్లు. ఉప్పు పెంచాను, గ్లిసరాల్ వేశాను, ప్రోటీనే మంచిది కాదనుకున్నాను, రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఒకరోజు ల్యాబ్‌లో సీనియర్ అక్క వచ్చి సంచిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి అడిగింది.

"పీహెచ్ ఎక్కడ సెట్ చేశావ్?"

"బెంచ్ మీదే అక్కా. 7.4."

"ఇది పెట్టింది ఎక్కడ?"

"కోల్డ్ రూంలో."

"బఫర్ ఏంటి?"

"ట్రిస్" అంటూనే నాకు తట్టింది. ట్రిస్ బఫర్ చల్లబడితే పీహెచ్ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.03 చొప్పున. 25 డిగ్రీల దగ్గర 7.4 ఉన్నది 4 డిగ్రీలకు వచ్చేసరికి 8.0 అయి కూర్చుంటుంది. నా ప్రోటీన్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ సరిగ్గా 8 దగ్గర. ఆ పీహెచ్‌లో దాని మీద మొత్తం చార్జి సున్నా, ఒకదాన్నొకటి నెట్టుకోవడానికి ఏమీ లేక అణువులన్నీ కలిసి అడుగుకు దిగిపోయాయి. బఫర్ పీహెచ్ లెక్కగట్టే హెండర్సన్ హాసెల్‌బాక్ సమీకరణం నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు, ట్రిస్ సంగతి కూడా రెండో ఏడాదిలో పరీక్షలో రాశాను. అయినా ఐదు వారాలు పట్టింది. హెపెస్ బఫర్‌కు మారాక, దాని పీహెచ్ చలికి అంతగా కదలదు కాబట్టి, సంచి తేటగా ఉండిపోయింది. ఆ పొద్దున ఆ సంచి చూసిన సంతోషం తర్వాత ఏ పరీక్ష ఫలితానికీ కలగలేదు.

ఇక అంకెల విషయం. మూడుసార్లు చేశాను అంటారు, మూడుసార్లు అంటే ఏంటని అడగాలి. ఒకే ప్రోటీన్ ట్యూబు నుంచి ప్లేటులోని మూడు గుంటల్లో (వెల్స్) పోసి రీడింగ్ తీసుకుంటే తెలిసేది మీ పిపెట్ చెయ్యి ఎంత నిలకడగా ఉందన్నదే. మూడు విడి రోజుల్లో మూడు కల్చర్లు పెంచి, మూడుసార్లు శుద్ధి చేసి కొలిస్తే అప్పుడు ప్రోటీన్ గురించి ఏదైనా చెప్పొచ్చు. థీసిస్‌లో ఏ గ్రాఫ్‌కు ఏది చేశారో తేటగా రాయండి, దిద్దేవాళ్లు ముందు చూసేది అదే. అలాగే కేఎం కట్టడానికి ఇంకా చాలామంది వేగాన్నీ, సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ పనిచేసే పదార్థం) మోతాదునూ రెండింటినీ తలకిందులు చేసి, అంటే 1/వేగం, 1/మోతాదు తీసుకుని, సరళరేఖ గీస్తారు. లైన్‌వీవర్, బర్క్ 1934లో ఆ పద్ధతి చెప్పినప్పుడు చేత్తో గీసుకోవడానికి అదే వీలు. కానీ సబ్‌స్ట్రేట్ తక్కువ ఉన్నచోట రీడింగ్ చిన్నది, దాన్ని తలకిందులు చేయగానే అందులోని చిన్న తప్పు కొండంత అవుతుంది, గీత మొత్తం ఆ ఒక్క చుక్క వైపు లాగేసుకుంటుంది. ఇప్పుడు కంప్యూటర్ ఉంది, మైకేలిస్, మెంటెన్ 1913లో ఇచ్చిన వంపు గీతనే నేరుగా రీడింగులకు అమర్చండి.

సమయం లెక్క కూడా నిజాయితీగా వేసుకోవాలి. ఏడాది అంటారు గానీ సెలవులు, పరీక్షలు, థీసిస్ రాత తీసేస్తే చేతిలో ఏడెనిమిది నెలలు మిగలడం కూడా కష్టం. అందులో ఆర్డర్ చేసిన ప్రైమర్లు రాక కొన్ని రోజులు, సెంట్రిఫ్యూజ్ పాడై కొన్ని, ట్రాన్స్‌ఫర్మేషన్‌లో ప్లేటు ఖాళీగా వచ్చి కొన్ని పోతాయి. అందుకే మెథడ్స్ అధ్యాయం ప్రయోగం చేసిన వారమే రాసేయండి. నోట్‌బుక్‌లో "పైన చెప్పినట్టే చేశాను" అని రాయకండి, బఫర్ ఎప్పుడు కలిపారు, ఎంత వేడి దగ్గర పీహెచ్ చూశారు, ప్రోటీన్ ఎన్నిసార్లు గడ్డకట్టించి కరిగించారు, అన్నీ. నా నోట్‌బుక్‌లో ఆ రోజు "25 డిగ్రీలు" అన్న మాట ఒక్కటి ఉండి ఉంటే ఐదు వారాలు అయ్యేవి కావు. గైడ్‌తో వారం వారం కలిసేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లకండి. బాగా రాని గ్రాఫ్ అయినా సరే, ఒక పేజీ పట్టుకెళ్లండి. రాలేదని దాచిపెట్టి మూడు వారాలు మొహం చాటేసినవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ఎవరు తీసుకోవద్దు? నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మార్కులు బాగా వచ్చాయి కాబట్టి వదులుకోవడం ఎందుకులే అని, అదొక్కటే కారణంగా దిగేవాళ్లు వద్దు. మార్కులు తెచ్చే అలవాటు, వారాల తరబడి జవాబు లేకుండా ఉండగలిగే ఓపిక, ఈ రెండూ వేరు. ఇంటి పరిస్థితి వల్ల వెంటనే ఉద్యోగం కావాలన్నా, ఇంకో కోర్సు మీద మనసున్నా, ల్యాబ్‌లో నిలబడటమే ఇష్టం లేకపోయినా, వద్దనుకోవడం ఏమాత్రం తక్కువ కాదు. అదే సమయంలో, పీహెచ్‌డీ చేయను కదా నాకెందుకు అనేవాళ్లకు ఒక మాట: మందుల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్‌లోనో, డయాగ్నస్టిక్ ల్యాబ్‌లోనో ఇంటర్వ్యూకి కూర్చున్నప్పుడు, ఒక పద్ధతి ఎందుకు తప్పింది, ఎలా పట్టుకున్నారు అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర నిజంగా జరిగిన కథ ఉంటుంది. టెన్షన్ మాత్రం అందరికీ ఉంటుంది. నిద్ర, తిండి పాడయ్యేదాకా వస్తే అది ప్రాజెక్ట్‌లో భాగమేలే అని ఊరుకోకండి, గైడ్‌కో డిపార్ట్‌మెంట్‌లో నమ్మకమున్న ఇంకెవరికో చెప్పండి, గడువు పెంచే వీలు కల్పించే రూల్సు చాలాచోట్ల ఉంటాయి.

వైవా గురించి భయపడేవాళ్లకు చివరగా. వాళ్లు పుస్తకం అడుగుతారనుకుని గ్లైకాలిసిస్ మొత్తం బట్టీ పట్టి వెళ్తారు. నేను కూర్చున్న వైవాల్లో ఎక్కువసేపు నడిచేది ఒక్క బొమ్మ మీదే. జెల్ ఫోటో తెరిచి, ఈ మూడో లేన్‌లో ఏమీ లేదేం అంటారు. అది ఎంజైమ్ వేయని లేన్, ఏమీ రాకూడదు, రాలేదు కాబట్టే పక్క లేన్‌లో బ్యాండ్‌ను నమ్ముతున్నాను అని చెప్పగలిగిన విద్యార్థికి తర్వాతి ప్రశ్న చాలా తేలిగ్గా ఉంటుంది.